హెడ్స్‌అప్ రివర్‌లో రెండో జత: బెట్ పెట్టాలా, చెక్ చేసి కాల్ చెయ్యాలా, చెక్ చేసి వదిలెయ్యాలా?

ఇస్పేటు రాణి (ప్రశ్న)

నో లిమిట్ హోల్డెమ్ పోకర్ (ఎంతైనా బెట్ పెట్టొచ్చు), ఇద్దరే ఆట (హెడ్స్‌అప్). బ్లైండ్లు (పేకలు చూడకముందే పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) 50/100, ఇద్దరి ముందూ 10,000 చిప్స్ ఉన్నాయనుకోండి. బటన్ (ఫ్లాప్ నుంచి చివర ఆడే చోటు) మీదున్న అతను 250కి రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. బిగ్ బ్లైండ్‌లో (పెద్ద పందెం పెట్టిన చోట) ఉన్న మనం ఆఠీను రాణి, ఆఠీను 9తో కాల్, అంటే అంతే పెట్టి నిలబడ్డాం. పాట్ (మధ్యలో చేరిన మొత్తం) 500.

ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు పేకలు): డైమన్ రాజు, కళావరు 9, ఇస్పేటు 4. బిగ్ బ్లైండ్ చెక్ (ఏమీ పెట్టకుండా వంతు దాటించడం), బటన్ 200 బెట్, కాల్. పాట్ 900.

టర్న్ (బోర్డు నాలుగో పేక): ఆఠీను 7. ఇద్దరూ చెక్.

రివర్ (అయిదోది, చివరి పేక): డైమన్ 2. మళ్ళీ ముందు నోరు విప్పాల్సింది బిగ్ బ్లైండే.

బోర్డు మీద ఫ్లష్‌కి (ఒకే గుర్తు పేకలు అయిదు) వీల్లేదు. చేతిలో ఏ రెండు పేకలున్నా స్ట్రెయిట్ (వరస పేకలు అయిదు) కూడా కుదరదు. అంటే భయపెట్టే పేకేదీ రాలేదు. మనది రెండో జత (బోర్డులో రెండో పెద్ద పేక 9తో జత), కిక్కర్ (జతకి తోడుండే పేక) బాగానే ఉంది. ఇక్కడ మూడు దారులూ సబబుగానే కనిపిస్తున్నాయి. అతను టర్న్ చెక్ చేశాడు కాబట్టి పెద్ద హ్యాండ్ ఉండకపోవచ్చు, 300 బెట్ పెడితే చిన్న జతలు కాల్ చెయ్యొచ్చు. చెక్ చేస్తే తప్పిపోయిన డ్రాలతో (కావాల్సిన పేక రాక పూర్తికాని హ్యాండ్‌లతో) అతనే బ్లఫ్ చెయ్యొచ్చు. బలహీనమైన రాజుతో బెట్ పెట్టేదీ అతనే కావచ్చు, అప్పుడు కాల్ చేసి నష్టపోతాం.

నా సందేహాలు రెండు. "కాల్ చేసే హ్యాండ్‌లలో సగం కంటే ఎక్కువ మనకంటే తక్కువవైతే బెట్ పెట్టు" అనే సూత్రం ఇక్కడ సరిపోతుందా? చెక్ చేశాక అతను 600 పెడితే, 60 శాతం సార్లు ఫోల్డ్ చెయ్యకుండా (వదిలెయ్యకుండా) నిలబడాలన్న లెక్క ప్రకారం ఈ హ్యాండ్ కాల్ కిందికి వస్తుందా?

అతని గురించి తెలిసింది తక్కువే. ఫ్లాప్ మీద చిన్న బెట్ చాలా తరచుగా పెడతాడు, టర్న్‌లో చాలాసార్లు ఆగిపోతాడు. రివర్ బ్లఫ్‌లు ఎన్ని చేస్తాడో తెలియదు.

—

లెక్కల పుస్తకం

మీరు చెప్పిన సగం సూత్రం బటన్ మీదున్నవాడికి సరిపోతుంది. ముందు మాట్లాడేవాడికి చాలదు. కారణం ఇది. బటన్ మీద చెక్ చేస్తే ఆట అక్కడితో ముగిసి పేకలు తిరగేస్తారు. బిగ్ బ్లైండ్ చెక్ చేస్తే ముగియదు, అవతలివాడికి బెట్ పెట్టే అవకాశం వస్తుంది. ఆ బెట్‌లలో బ్లఫ్‌లుంటే మన చెక్‌కి విలువ పెరుగుతుంది. కాబట్టి బెట్ లాభమా నష్టమా అన్నది సగం ప్రశ్నే. చెక్ కంటే ఎక్కువ తెస్తుందా అన్నది అసలు ప్రశ్న.

అతని చేతిలో ఏముండొచ్చో కాంబోలు (రెండు పేకల కలయికలు) లెక్కపెడదాం. మన రెండు పేకలు, బోర్డు మీది అయిదు తీసేశాక మిగిలినవాటితో. ఇవి నా ఊహలే, మీకు వేరేగా తోస్తే అంకెలు మార్చి మళ్ళీ వేసుకోండి.

మనకంటే మంచివి: రాజు-8, రాజు-6, రాజు-5. మూడు రాజులు మిగిలాయి కాబట్టి ఒక్కోటి 12, మొత్తం 36. వీటిలో సగం టర్న్‌లోనే మళ్ళీ బెట్ పెట్టి ఉంటాయి, 18 మిగిలాయనుకుందాం. అంతకంటే మంచి కిక్కరున్న రాజులు, రాజు-9, రాజు-7, సెట్‌లు (చేతిలో జత, బోర్డు మీద అదే మూడోది) టర్న్‌లో ఆగవు, వాటిని వదిలేశాను. ఆసు-9 ఎనిమిది. పదుల జత 6, జాకీల జత 6, రాణుల జత 3 (ఒక రాణి మన దగ్గరుంది). మొత్తం 41.

మనకంటే తక్కువైనా జత ఉన్నవి: జాకీ-9, 10-9, 9-8 ఒక్కోటి 8, అంటే 24. 88, 66, 55, 33 జతలు ఒక్కోటి 6, అంటే 24. ఆసు-7, ఆసు-4 కలిపి 24. మొత్తం 72.

ఏమీ లేనివి: ఆసు-రాణి 12, ఆసు-జాకీ 16, ఆసు-10 16, వెరసి 44. తప్పిపోయిన డ్రాలు రాణి-జాకీ 12, రాణి-10 12, జాకీ-10 16. ఈ 40లో సగం టర్న్‌లోనే బెట్ పెట్టి ఉంటాయి కాబట్టి 20. టర్న్‌లో 7 రాగానే 10-8, 8-6, 6-5లకి రెండు వైపులా తెరిచిన డ్రా దొరికింది, అవి అప్పుడే బెట్ పెడతాయని తీసేశాను. మనలాగే రాణి-9 ఉన్న కొద్ది కాంబోల్నీ పక్కన పెట్టాను.

మొత్తం 177. అందులో 136 మనకంటే తక్కువ, 41 ఎక్కువ.

300 బెట్ పెడితే: మంచివి 41 కాల్ చేస్తాయి. తక్కువవాటిలో తొమ్మిదులన్నీ (24), చిన్న జతల్లో సగం (12), ఆసు-7, ఆసు-4లలో సగం (12) కాల్ చేస్తాయనుకుందాం, 48. మిగతా 88 ఫోల్డ్. కాల్ చేసిన 89లో 48 మనం గెలిచేవి, 54 శాతం దగ్గర. మొత్తం రాబడి: 88 సార్లు 900, 48 సార్లు 1,200, 41 సార్లు మైనస్ 300. కలిపితే 1,24,500. దాన్ని 177తో భాగిస్తే సగటున 703 చిప్స్.

చెక్ చేసి 600కి కాల్ చేస్తే: అతను 18 రాజులతో వాల్యూ కోసం (తక్కువ హ్యాండ్‌ల చేత కాల్ చేయించడానికి) బెట్ పెడతాడు, తప్పిపోయిన 20 డ్రాలతో బ్లఫ్ చేస్తాడు, మిగతావాటితో చెక్ చేసి పేకలు చూపిస్తాడనుకుందాం. 18 సార్లు మైనస్ 600, 20 సార్లు 1,500, చెక్ చేసిన తక్కువ హ్యాండ్‌లు (136లోంచి 20 తీస్తే) 116 సార్లు 900. కలిపితే 1,23,600. సగటు 698.

చూశారా, 703కీ 698కీ మధ్య తేడా 5 చిప్స్. ఈ రెండిట్లో ఏది మేలో తేల్చేది బ్లఫ్‌ల సంఖ్య ఒక్కటే. బ్లఫ్ ఒక్క కాంబో పెరిగితే కాల్ దారిలో 600 పెరుగుతుంది (900 బదులు 1,500 వస్తుంది). సమానమయ్యే చోటు 21.5 బ్లఫ్‌లు. 22 కాంబోలు, అంతకంటే ఎక్కువతో బ్లఫ్ చేసేవాడైతే చెక్ చేసి కాల్ చెయ్యడమే మేలు. ఆసుతో ఏమీ తగలని హ్యాండ్‌లలో సగాన్ని కూడా బ్లఫ్‌గా మార్చే దూకుడు మనిషైతే 42 బ్లఫ్‌లవుతాయి, అప్పుడు చెక్-కాల్ సగటు 773.

అదే 5 కాంబోలతో మాత్రమే బ్లఫ్ చేసే పిరికివాడైతే చెక్-కాల్ 647కి పడిపోతుంది. వాడి మీద చెక్ చేసి ఫోల్డ్ చేస్తే 666, బెట్ పెడితే అదే 703. అంటే బ్లఫ్ చెయ్యని మనిషి మీద బెట్, తెగ బ్లఫ్ చేసేవాడి మీద చెక్.

సైజు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 300 బదులు 600 బెట్ పెడితే తక్కువవాటిలో తొమ్మిదులు కూడా సగమే కాల్ చేస్తాయి, అంటే 12, మిగతావి ఫోల్డ్. మంచివి 41 ఎక్కడికీ పోవు. లెక్క వేస్తే సగటు 593. ఆ పిరికివాడి మీద అసలు ఏమీ పెట్టకుండా చెక్ చేసి ఫోల్డ్ చేస్తే వచ్చే 666 కంటే అధ్వాన్నం. మధ్యరకం హ్యాండ్‌తో రివర్‌లో పెద్ద బెట్ పెడితే తక్కువవి పారిపోతాయి, మంచివి నిలబడతాయి. ఫ్లాప్ మీదైతే "అతని ఆసు, రాణి తగలకుండా కాపాడుకోవాలి" అన్న కారణమైనా ఉంటుంది. రివర్ తర్వాత పేక రాదు, కాపాడుకోవడానికి ఏమీ లేదు.

—

చెక్ రైజ్

కాంబోల లెక్క శుభ్రంగా ఉంది. కానీ బెట్ దారిలో ఒక పెద్ద ఖర్చు వదిలేశారు. అవతలివాడు రైజ్ చేస్తే?

మంచి హ్యాండ్‌లు రైజ్ చేస్తే ఇబ్బంది లేదు. ఫోల్డ్ చేస్తాం, పోయేది ఆ 300, అది లెక్కలో ఉంది. బ్లఫ్‌తో రైజ్ చేస్తేనే దెబ్బ. అతను ఫోల్డ్ చేసి ఉంటే 900 వచ్చే చోట ఇప్పుడు 300 పోగొట్టుకుని లేస్తాం. ఒక్కో కాంబోకి 1,200 తేడా. పై లెక్కలో బెట్‌కీ చెక్-కాల్‌కీ మధ్య మొత్తం తేడా 900 (1,24,500లోంచి 1,23,600). అంటే బ్లఫ్ రైజ్ ఒక్క కాంబోతో వచ్చినా ఆ ఆధిక్యం తుడిచిపెట్టుకుపోతుంది. తప్పిపోయిన 20 డ్రాలలో 10 రైజ్ చేస్తే బెట్ సగటు 636కి దిగుతుంది.

ముందు మాట్లాడుతూ పెట్టే చిన్న బెట్‌ని, అంటే పాట్‌లో పావు నుంచి మూడో వంతు దాకా, చాలామంది "ఆపుడు బెట్" లాగా వాడతారు. తక్కువ ఖర్చుతో పేకలు చూసేద్దామని. దాన్ని మధ్యరకం హ్యాండ్‌లతోనే పెడితే బలమైనదేదీ అందులో లేదని గట్టి ఆటగాడు రెండు మూడు సార్లలో పసిగడతాడు. ఆ తర్వాత ప్రతి చిన్న బెట్ మీదా 1,500కో 2,000కో రైజ్ వస్తుంది. అందుకే ఆ 300 సైజులోనే రాజు-9, 44, 9-7 లాంటివి కూడా కొన్ని పెట్టాలి. అవి రైజ్‌కి కాల్ చేస్తాయి, ఆ భయం రాణి-9ని కాపాడుతుంది. ఇది చెయ్యలేని చోట, అంటే అవతలివాడు తెలివిగా రైజ్ చేసేవాడైతే, నేరుగా చెక్ చెయ్యండి.

ఇంకొకటి. రైజ్ వచ్చాక ఏం చేస్తారో బెట్ పెట్టకముందే తేల్చుకోవాలి. "రైజ్ వస్తే చూద్దాం" అనుకుని 300 పెట్టి, 1,500 వచ్చాక అనుమానంతో కాల్ చెయ్యడమే ఇక్కడ అన్నిటికంటే ఖరీదైన తప్పు. 300 బెట్ మీద 1,500కి రైజ్ వస్తే కాల్ 1,200. అప్పటికి పాట్‌లో 900, 300, 1,500 కలిపి 2,700 ఉంటుంది. 1,200ని 3,900తో భాగిస్తే దాదాపు 31 శాతం. మూడు రైజ్‌లలో ఒకటి బ్లఫ్ కాకపోతే ఆ కాల్ నష్టం. తెలియని ఆటగాళ్ళలో రివర్ రైజ్‌ని అంత తరచుగా బ్లఫ్‌గా చేసేవాళ్ళు తక్కువని నా అభిప్రాయం. ఫోల్డ్.

—

ఇస్పేటు రాణి

ఇద్దరికీ ధన్యవాదాలు. రైజ్ సంగతి నేను అసలు ఆలోచించలేదు. మరి చేతిలో రాణి-9 బదులు 9-8 ఉంటే? రెండూ రెండో జతే కదా, ఒకే రకంగా ఆడాలా? 60 శాతం లెక్క గురించి కూడా ఎవరైనా చెప్పండి.

—

నాలుగో పేక

రెండూ ఒకే జత, కానీ చేసే పని వేరు. ఈ స్పాట్‌లో నాకు బాగా నచ్చే విషయం ఇదే.

రాణి-9 బెట్ పెడితే కాల్ చేసే తొమ్మిదులు (జాకీ-9, 10-9, 9-8) దానికి ఓడిపోతాయి. 9-8 బెట్ పెడితే జాకీ-9, 10-9 దాన్ని ఓడిస్తాయి. పైన 24 కాంబోల లాభం అనుకున్న చోట 16 కాంబోల నష్టం వచ్చి పడుతుంది. కాల్ చేసేవాటిలో మనం గెలిచేవి సగానికి చాలా కిందికి పోతాయి. కాబట్టి 9-8తో బెట్ లేదు.

అదే కాల్ దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. అతను 600 పెట్టాడంటే రాజో బ్లఫ్‌ఫో. రాజుకి రాణి-9 ఓడిపోతుంది, 9-8 కూడా ఓడిపోతుంది. బ్లఫ్‌ని రెండూ గెలుస్తాయి. కిక్కర్‌కి అక్కడ పనే లేదు. పనికొచ్చేది మన పేకలు అతని చేతిలోంచి ఏం తీసేశాయన్నది. మన దగ్గర రాణి ఉంటే రాణి-జాకీ, రాణి-10 ఒక్కోటి 16 నుంచి 12కి తగ్గుతాయి. అంటే తప్పిపోయిన డ్రాలు 48 నుంచి 40కి. మనం పట్టుకోవాలనుకున్న బ్లఫ్‌లని మన రాణే తగ్గిస్తోంది. 9-8తో ఆ 48 పూర్తిగా అతని దగ్గరే ఉంటాయి. పైగా మన 8 వల్ల రాజు-8 కాంబోలు 12 నుంచి 9కి తగ్గుతాయి. కాల్‌కి రెండు వైపులా మంచిది 9-8. అందుకే రాణి-9 బెట్ వైపు మొగ్గుతుంది, 9-8 చెక్-కాల్ వైపు.

ఇక కాల్ లెక్క. ముందు పాట్ ఆడ్స్. కాల్ చెయ్యాల్సిన మొత్తాన్ని, కాల్ చేశాక ఉండే మొత్తం పాట్‌తో భాగించాలి. ఇక్కడ 600ని 2,100తో భాగిస్తే 28.6 శాతం. అతని బెట్‌లలో అంత వంతు బ్లఫ్‌లుంటే కాల్ సమానం, ఎక్కువుంటే లాభం. 18 రాజులకి 7.2 బ్లఫ్‌లు దగ్గర సమానం. 20 బ్లఫ్‌లుంటే 38లో 20, సగానికి పైగా గెలుస్తాం, కళ్ళు మూసుకుని కాల్. 5 ఉంటే 23లో 5, అంటే 22 శాతం లోపు, ఫోల్డ్.

తరచుగా ఎదురయ్యే సైజులు గుర్తుపెట్టుకుంటే టేబుల్ దగ్గర భాగాహారం అక్కర్లేదు. పాట్‌లో మూడో వంతు బెట్‌కి 20 శాతం గెలిస్తే చాలు. సగానికి 25. ముప్పావుకి 30. పాట్ అంత బెట్‌కి 33. పాట్‌కి రెండింతలకి 40.

చాలామంది చేసే తప్పు ఏమిటంటే, అతని బెట్‌ని పాట్‌లో కలపకుండా 600ని 900తో భాగించడం. అలా చేస్తే 67 శాతం కావాలనిపించి మంచి కాల్‌లన్నీ వదిలేస్తారు. మన కాల్‌ని కలపకుండా 1,500తో భాగిస్తే 40 శాతం వస్తుంది, అదీ తప్పే. మూడూ కలపాలి.

ఇప్పుడు మీ 60 శాతం. అది వేరే ప్రశ్నకి జవాబు. 900 పాట్‌లో 600 బెట్‌తో బ్లఫ్ చేసేవాడికి, 600ని 1,500తో భాగిస్తే వచ్చే 40 శాతం సార్లు మనం ఫోల్డ్ చేస్తే చాలు, బ్లఫ్ సమానమవుతుంది. అంతకంటే ఎక్కువ ఫోల్డ్ చేస్తే అతను ఏ చెత్త పేకలతోనైనా బ్లఫ్ చేసి లాభపడతాడు. అందుకని 60 శాతం నిలబడాలి అంటారు. ఇందులో మూడు సంగతులు మరిచిపోతుంటారు.

ఆ 60 శాతం మన చేతిలో ఉన్న ఈ ఒక్క హ్యాండ్‌కి కాదు, ఈ చోటికి ఇదే తీరులో వచ్చి చెక్ చేసే మన హ్యాండ్‌లన్నిటికీ కలిపి. వాటిని మంచి నుంచి చెడ్డకి వరసగా పేర్చండి. మన దగ్గర కూడా రాజులుంటాయి, తొమ్మిదులుంటాయి, 4 ఉన్నవి, ఫ్లాప్ మీద డ్రాతో కాల్ చేసి తప్పిపోయినవి ఉంటాయి. రాజులు, తొమ్మిదులు పై 60 శాతంలోనే పడతాయి సాధారణంగా. ఆ లెక్కన 9-8 కాల్, 4 జతలు కొన్ని కాల్ కొన్ని ఫోల్డ్.

రెండోది, అవతలివాడు బ్లఫ్ చేస్తున్నాడో లేదో తెలియనప్పుడు మనని కాపాడే లెక్క అది. బ్లఫ్ చెయ్యడని తెలిసినవాడి మీద 60 శాతం నిలబడటమంటే వాడికి చిప్స్ పంచిపెట్టడమే. వాడి మీద పాట్ ఆడ్స్‌నే నమ్మండి.

మూడోది చిన్నదే. ఫ్లాప్, టర్న్‌లలో ఈ శాతాన్ని ఇంత కచ్చితంగా వాడకూడదు. అక్కడ బ్లఫ్‌కి కూడా ఇంకా మెరుగయ్యే అవకాశం ఉంటుంది, బ్లఫ్ దొరికిపోయినా పూర్తిగా పోదు.

—

బటన్ కుర్చీ

పొజిషన్ (ఎవరు చివర ఆడతారన్నది) తిరగేస్తే ఎంత సులువవుతుందో చూపిస్తాను. అదే బోర్డు, అదే 177 కాంబోలు, కానీ రాణి-9 బటన్ మీదుంది, అవతలివాడు రివర్ చెక్ చేశాడు. చెక్ చేస్తే 136 సార్లు 900, అంటే 1,22,400. 300 బెట్ పెడితే 48 సార్లు 300 అదనంగా వస్తుంది, 41 సార్లు 300 పోతుంది, నికరంగా 2,100 లాభం. ఒక్కో ఆటకి 12 చిప్స్. ఇక్కడ బ్లఫ్‌లు ఎన్ని పట్టుకోవచ్చన్న ప్రశ్నే లేదు, అతని వంతు అయిపోయింది. చెక్-రైజ్ (ముందు చెక్ చేసి, మన బెట్ మీద రైజ్ చెయ్యడం) భయం ఒక్కటి మిగులుతుంది. దానికి పైన చెప్పిన 1,200 లెక్కే, రెండు కాంబోలతో బ్లఫ్ చెక్-రైజ్ వస్తే ఆ 2,100 పోతుంది. అలాంటి చెక్-రైజ్‌లు అరుదు కాబట్టి నేనైతే బెట్ పెడతాను.

బటన్ మీద చాలామంది చేసే పొరపాటు దీనికి వ్యతిరేకం: "ఎలాగూ గెలుస్తాంలే" అని చెక్ చేసెయ్యడం. ప్రతి వంద ఆటలకీ వదిలేసిన సన్నటి బెట్‌లు కలిపితే చిన్న మొత్తం కాదు.

—

మూడు పేకల ఆట

ఈ మూడు నిర్ణయాలని మాత్రమే విడదీసి నేర్చుకోవాలంటే హెరాల్డ్ కూన్ 1950లో రాసిన మూడు పేకల పోకర్‌ని చేత్తో లెక్కవేసి చూడండి. మూడే పేకలు: రాజు, రాణి, జాకీ. ఇద్దరూ చెరొక చిప్ పెడతారు, చెరొక పేక తీసుకుంటారు. బెట్ ఒక్క చిప్పే, రైజ్ లేదు. మొదటివాడు బెట్ లేదా చెక్. చెక్ చేస్తే రెండోవాడు బెట్ లేదా చెక్. బెట్‌కి కాల్ లేదా ఫోల్డ్. అంతే ఆట. రివర్ అంటే ఏమిటో అంతా ఇందులో ఉంది.

రెండోవాడు తప్పు లేకుండా ఆడే పద్ధతి ఒక్కటే. రాజు ఉంటే ఎప్పుడూ బెట్, ఎప్పుడూ కాల్. రాణి ఉంటే ఎప్పుడూ బెట్ పెట్టకూడదు, బెట్ వస్తే మూడింట ఒకసారి కాల్. జాకీతో కాల్ లేదు, చెక్ వస్తే మూడింట ఒకసారి బ్లఫ్. పాట్ 2, బెట్ 1, అంటే సగం పాట్ బెట్. రాజులు మూడైతే జాకీ ఒకటి. కాల్ చేసేవాడికి 25 శాతం కావాలన్న పై లెక్కకి ఇది అచ్చంగా సరిపోతుంది.

మొదటివాడికి మాత్రం పద్ధతులు చాలా ఉన్నాయి. జాకీతో సున్నా నుంచి మూడో వంతు దాకా ఎంత తరచుగానైనా బ్లఫ్ చెయ్యొచ్చు. రాజుతో దానికి సరిగ్గా మూడింతలు తరచుగా బెట్ పెట్టాలి. చెక్ చేశాక బెట్ వస్తే, రాణితో ఆ బ్లఫ్ వంతుకి ఇంకో మూడో వంతు కలిపినంత తరచుగా కాల్ చెయ్యాలి. రాణితో ముందుగా బెట్ ఎప్పుడూ లేదు. బ్లఫ్ సున్నా అనుకుంటే రాజుతో బెట్ కూడా సున్నా అవుతుంది, అన్నీ చెక్ చేసినట్టే. అలా ఆడినా అదనంగా ఏమీ పోదు! ఏ పద్ధతిలో ఆడినా అతని సగటు ఆటకి 18లో ఒక వంతు చిప్ నష్టమే. ముందు మాట్లాడాల్సిరావడానికి కట్టే మూల్యం అది.

అసలు ప్రశ్నకి దీంతో సంబంధం ఏమిటంటే, బాగా ఆడేవాడి మీద పొజిషన్ లేనప్పుడు చెక్ చెయ్యడంలో చిన్నతనం లేదు. మధ్య పేక రాణితో ముందుగా బెట్ పెడితే జాకీ ఫోల్డ్, రాజు కాల్, మనకి దొరికేది ఏమీ లేదు. మీ రాణి-9 ఆ రాణి కంటే మేలు, ఎందుకంటే హోల్డెమ్‌లో దానికి కాల్ చేసే తక్కువ జతలు ఉన్నాయి. ఆ తక్కువ జతలు లేని బోర్డు వస్తే అది మళ్ళీ మూడు పేకల ఆటలోని రాణే, చెక్ చెయ్యాలి. హెడ్స్‌అప్ ఫిక్స్‌డ్ లిమిట్ (బెట్ సైజు ముందే ఖాయమైన) హోల్డెమ్‌ని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా సాధించింది 2015లో. నో లిమిట్‌లో బెట్ సైజులు ఎన్నైనా ఉంటాయి కాబట్టి అది ఇంకా అలా తేలలేదు, మనం ఇలా కాంబోలు లెక్కపెట్టుకోవాల్సిందే.

—

లెక్కల పుస్తకం

చెక్ రైజ్ గారు చెప్పింది నిజం, రైజ్ ఖర్చు కలపాల్సింది. దాంతో నా జవాబు మారుతుంది. తెలియని ఆటగాడి మీద ఈ స్పాట్‌లో రాణి-9తో 300 బెట్, చెక్-కాల్ దాదాపు సమానం. కొద్దిగా చెక్ వైపే.

కాబట్టి మిగిలిన పని అతని బ్లఫ్‌లు 7 లోపా, 22 దాటాయా అని అంచనా వెయ్యడం. దానికి చూడాల్సింది అతను బెట్ పెట్టిన ఆటలు కాదు, రివర్‌లో చెక్ చేసి తిరగేసిన పేకలు. ఇలాంటి బోర్డులో చెక్-చెక్ అయ్యాక అతను రాణి-జాకీ, జాకీ-10 తిరగేస్తే ఆ డ్రాలని బ్లఫ్ చెయ్యకుండా వదిలేస్తున్నాడన్నమాట. ఒక్కసారి చూసినా మన అంచనా 20 నుంచి బాగా కిందికి దించాలి, అప్పుడు చెక్-కాల్ మానేసి బెట్ వైపు రావాలి. ఆసు-జాకీ తిరగేస్తే దానికి అంత అర్థం లేదు. ఆ హ్యాండ్ చెక్ చేసినా అప్పుడప్పుడు గెలుస్తుంది, బాగా ఆడేవాళ్ళూ దాన్ని చెక్ చేస్తారు. అలాగే చెక్-చెక్ తర్వాత బలహీనమైన రాజు తిరగేస్తే అతను వాల్యూ బెట్‌లు కూడా తక్కువే పెడతాడని తెలుస్తుంది. నా లెక్కలో 18 అన్న అంకె 9 అయితే, సమానమయ్యే బ్లఫ్‌లు 7.2 నుంచి 3.6కి దిగుతాయి, చెక్-కాల్ మళ్ళీ బలపడుతుంది.

సైజు కూడా గమనించండి. 600 బదులు అతను 1,800 పెడితే 40 శాతం కావాలి, 18 రాజులకి 12 బ్లఫ్‌లు. కానీ బలహీనమైన రాజుతో పాట్‌కి రెండింతలు పెట్టేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ సైజు వచ్చిందంటే వాల్యూ వైపు 18 రాజులని తీసేసి, టర్న్‌లో దాక్కున్న సెట్‌లు, రెండు జతలని మాత్రమే లెక్కలో పెట్టి మళ్ళీ మొదటినుంచి వెయ్యండి.